ప్రాగ్‌లో మొదటి రోజే గొడవ... ఇప్పుడు వియన్నా వెళ్ళాలా, మానాలా?

జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఎమ్మెస్ చదువుతున్న ఒకమ్మాయి చాలా పెద్ద ఉత్తరం రాసింది. తనను గుర్తుపట్టే వివరాలన్నీ తీసేసి, విషయం మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెది నల్గొండ జిల్లాలో ఒక చిన్న ఊరు. నాన్నకు ఎరువుల దుకాణం. ఎడ్యుకేషన్ లోన్ మీద వచ్చింది. బ్లాక్డ్ అకౌంట్ (వీసా కోసం ముందే డబ్బు జమచేసి, నెలనెలా కొంత తీసుకునే ఖాతా) నుంచి నెలకు వచ్చేది 992 యూరోలు. అందులో రూము అద్దె, హెల్త్ ఇన్సూరెన్స్ పోగా మిగిలిన దాంతో నెల గడవాలి. శనివారాలు ఒక బేకరీలో పని చేస్తుంది. అక్టోబరులో విమానం దిగిన దగ్గర్నుంచి క్లాసు, రూము, బేకరీ తప్ప ఏమీ చూడలేదు. ప్రాగ్‌లోని చార్లెస్ బ్రిడ్జి ఫొటో మాత్రం ఇంటర్ చదివే రోజుల నుంచీ ఆమె ఫోన్‌కు వాల్‌పేపర్.

మార్చిలో ఒక ఆదివారం ఆరుగురు తెలుగు విద్యార్థులు తెల్లవారుజామున బస్సెక్కి ప్రాగ్ వెళ్ళారు. అప్పటికే రెండుసార్లు వెళ్ళొచ్చిన విజయవాడ సీనియర్ ఒకరు పద్నాలుగు చోట్ల లిస్టు తయారు చేశారు. తొమ్మిదింటికి ఓల్డ్ టౌన్ స్క్వేర్‌లో పాత గడియారం, తర్వాత వరసగా మిగతావి. ఒక్కో చోట ఫొటోలు, రీల్స్, పదండి పదండి. మధ్యాహ్నం రెస్టారెంట్‌కి వెళ్దామంటే ఈ అమ్మాయి ‘నా దగ్గర డబ్బుల్లేవు, పులిహోర తెచ్చుకున్నాను’ అంది. కానీ యూదుల పేటలోని పింకాస్ సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం, ఇప్పుడు మ్యూజియం) దగ్గరకు రాగానే, ‘ఇరవై నిమిషాల్లో వచ్చేస్తా’ అని టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్ళింది. బయటికి వచ్చేసరికి గంటా పది నిమిషాలు. ఫోన్ సైలెంట్‌లో ఉంది. చలిగాలిలో నిలబడి ఉన్న ఐదుగురిలో ఒకబ్బాయి అన్న మాట ఆమె ఉత్తరంలో ఉన్నది ఉన్నట్టు రాసింది: “మాతో తినడానికి డబ్బుల్లేవు కానీ సమాధుల్లోకి పోవడానికి ఉన్నాయా?”

ఆలస్యమైందని అందరూ పరుగున ట్రామ్ ఎక్కారు. ఈ అమ్మాయి, ఆమె రూమ్మేట్ చేతిలో టికెట్లు ఉన్నాయి గానీ మిషన్‌లో పంచ్ చేయలేదు. చెకింగ్ వాళ్ళు పట్టుకున్నారు. ఒక్కొక్కరికి పడ్డ జరిమానా తన వారం రోజుల సరుకుల ఖర్చంత అని రాసింది. సీనియర్ తన కార్డుతో కట్టేశారు. రాత్రి ఖర్చుల వాటాలు లెక్కేసే స్ప్లిట్‌వైజ్ యాప్ తెరిచి చూస్తే ఇద్దరి జరిమానా ఈమె పేరు మీదే ఉంది. కారణం, ‘నీ వల్లే కదా లేటయింది’ అని.

అంతటితో అయిపోలేదు. సాయంత్రం బ్రిడ్జి మీద అందరూ నవ్వుతూ దిగిన ఫొటోను రూమ్మేట్ స్టేటస్ పెట్టింది. అది అటు తిరిగి ఇటు తిరిగి ఇంటి వాట్సాప్ గ్రూపులోకి చేరింది. పెదనాన్న, ‘అప్పు చేసి చదువుకోమని పంపితే దేశాలు తిరుగుతున్నారా’ అని మెసేజ్ పెట్టారు. నాన్న ఆ రాత్రి ఫోన్ చేసి దాని ఊసే ఎత్తలేదు. ‘డబ్బులు సరిపోతున్నాయామ్మా?’ అని మాత్రం అడిగారు. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదట.

ఇప్పుడు అదే గ్యాంగ్ మే నెలలో రెండు రాత్రులకు వియన్నా వెళ్తోంది. శుక్రవారం లోపు అడ్వాన్సు కట్టాలి. ‘వెళ్ళకపోతే ఇక్కడ నాకంటూ ఎవరూ ఉండరు. వెళ్తే మళ్ళీ ఇదే. ఇన్నేళ్ళు కలగన్న మొదటి రోజు పాడైపోయింది. తప్పు నాదేనా మేడమ్?’ అని అడుగుతోంది.

*

అమ్మా,

ముందు జరిమానా సంగతి తేల్చేద్దాం, అన్నిటికంటే తేలిగ్గా తేలేది అదే.

ప్రాగ్‌లో కాగితం టికెట్ కొన్నంత మాత్రాన చెల్లదు. ట్రామ్ ఎక్కగానే తలుపు దగ్గరుండే చిన్న మిషన్‌లో పెట్టి దాని మీద టైమ్ ముద్ర వేయించుకోవాలి. మెట్రో అయితే కిందికి దిగే ముందే ఆ పని కావాలి. ఫోన్‌లో కొన్న టికెట్ అయినా యాక్టివేట్ చేసి, అది చెల్లుబాటులోకి వచ్చాకే ఎక్కాలి. కొత్తవాళ్ళం, తెలియదు అంటే వినరు. మీకేమో జర్మనీలో సెమిస్టర్ టికెట్ (విద్యార్థుల ప్రయాణ పాస్) చూపించి వెళ్ళిపోవడం అలవాటు. ఆ అలవాటు కొద్దీ చేతిలో టికెట్ ఉంది కదా అని నిలబడ్డారు.

మరి ఇందులో నీ ఆలస్యం పాత్ర ఎంత? నువ్వు గంట లేటు చేశావు కాబట్టి ట్రామ్‌లో మిషన్ మాయమైపోలేదు కదా. మిగతా నలుగురూ అదే ట్రామ్‌లో, అదే కంగారులో పంచ్ చేసుకున్నారు. కాబట్టి నీ జరిమానా నీది, నీ రూమ్మేట్‌ది తనది. టికెట్లు కొని పంచిపెట్టిన సీనియర్ ‘పంచ్ చేసుకోండర్రా’ అని ఒక్క మాట అని ఉంటే బాగుండేది. కానీ అది వచ్చేసారికి గుర్తుపెట్టుకోవలసిన సంగతే తప్ప ఆయన్ని వాటా అడగడానికి పనికొచ్చేది కాదు.

ఇద్దరిదీ నువ్వే కట్టేసి ఊరుకోవచ్చు. వాతావరణం వెంటనే చల్లబడుతుంది. కాకపోతే ఆ గుంపులో ఎప్పుడు ఏ ఆలస్యమైనా దాని ఖర్చు నీదేనన్న లెక్క ఒకటి స్థిరపడిపోతుంది. వియన్నాలో బస్సు తప్పితే మొదట నీ ముఖమే చూస్తారు. అలా కాకుండా, ‘నాది నేను ఇస్తున్నాను, తనది తను ఇస్తుంది’ అని చెబితే రెండు మూడు రోజులు మూతి విరుపులు తప్పవు. ఆ రెండు మూడు రోజులు భరించగలవా అన్నది నువ్వే చూసుకోవాలి. సగం సగం బేరాలకు మాత్రం దిగొద్దు. అందులో ఎవరికీ న్యాయం జరిగినట్టు అనిపించదు.

అయితే చలిలో గంటసేపు నిలబెట్టినందుకు నువ్వు బాకీ ఉన్నావు. అది డబ్బు బాకీ కాదు. ‘సారీ, ఇరవై నిమిషాలని చెప్పి అంతసేపు నిలబెట్టాను, ఫోన్ కూడా చూసుకోలేదు’ అని ఐదుగురికీ విడివిడిగా చెప్పాలి. నీ ఉత్తరం మొత్తంలో వాళ్ళు నిన్ను అన్న మాటలున్నాయి, నీకు కలిగిన బాధ ఉంది. వాళ్ళు ఆ గంటా పది నిమిషాలు ఎలా గడిపారో మాత్రం ఒక్క వాక్యం కూడా లేదు.

నిజానికి పింకాస్ సినగాగ్‌ను ఇరవై నిమిషాల్లో చూడటం అయ్యే పని కాదు. ఆ సంగతి వాళ్ళకు తెలియదు, నీకు తెలుసు. నాజీల కాలంలో చనిపోయిన చెక్ యూదులు, సుమారు 78 వేల మంది పేర్లు అక్కడి గోడల మీద చేత్తో రాసి ఉన్నాయి. ఊరి పేరు, ఇంటి పేరు, మనిషి పేరు, పుట్టిన తేదీ, ఆచూకీ తెలిసిన చివరి తేదీ. 1950లలో ఇద్దరు చిత్రకారులు ఏళ్ళ తరబడి కూర్చుని రాశారు. 1968లో ఆ భవనం మూతపడింది, గోడల తేమకు పేర్లు పోయాయి. కమ్యూనిస్టు ప్రభుత్వం దిగిపోయాక 1992 నుంచి 1996 దాకా కూర్చుని అన్ని పేర్లూ మళ్ళీ రాశారు. పై అంతస్తులో, నాజీలు యూదులను బంధించి ఉంచిన టెరెజీన్ ఘెట్టోలోని పిల్లలు గీసిన బొమ్మలు. వాళ్ళకు బొమ్మలు నేర్పిన ఫ్రీడల్ డికర్-బ్రాండైస్ అనే చిత్రకారిణిని 1944లో ఆష్విట్జ్ మృత్యు శిబిరానికి తీసుకెళ్ళి చంపేశారు. వెళ్ళే ముందు ఆమె దాచిపెట్టిన రెండు సూట్‌కేసుల నిండా ఉన్న ఆ బొమ్మలు, సుమారు 4,500, యుద్ధం తర్వాత దొరికాయి. ఆ వెనకే పాత శ్మశానం. చోటు చాలక ఒకరి మీద ఒకరిని పాతిపెడుతూ వచ్చారు కాబట్టి సమాధి రాళ్ళు వంకరటింకరగా ఒకదాని మీదికి ఒకటి ఒరిగి ఉంటాయి. ఏడేళ్ళ పాప గీసిన సీతాకోకచిలుక దగ్గర చాలాసేపు నిలబడిపోయానని రాశావు. నిలబడిపోతావు, అది సహజం. అందులో నీ తప్పేమీ లేదు. ఆ మ్యూజియం శనివారాలు మూసేస్తారు, ఆదివారం వెళ్ళావు కాబట్టి ఆ మాత్రమైనా దొరికింది.

తప్పు ఎక్కడ జరిగిందో చెప్పనా? నీకు ప్రాగ్‌లో అన్నిటికంటే ముఖ్యం అదేనని నువ్వు ముందు రోజే అనుకున్నావు. టికెట్ డబ్బులు విడిగా కవర్లో పెట్టుకున్నానని కూడా రాశావు. డ్రెస్డెన్ నుంచి ప్రాగ్‌కు రెండు గంటల ప్రయాణం. ఆ రెండు గంటల్లో ఒక్కసారి కూడా ‘నేను అక్కడికి వెళ్తాను, నాకు గంటన్నర పడుతుంది, మీరు ఈలోగా లంచ్ చేయండి’ అని అనలేదు. అని ఉంటే వాళ్ళు వేడివేడిగా ఏదో తింటూ ఉండేవాళ్ళు, నువ్వు ప్రశాంతంగా చూసేదానివి, ఎవరూ ఎవరి కోసం నిలబడాల్సిన పనే ఉండేది కాదు.

దానికి బదులు నువ్వన్నది ‘నా దగ్గర డబ్బుల్లేవు’ అని. మనవాళ్ళకు ఇది పాత అలవాటు. వద్దు అని చెప్పడానికి మొహమాటపడి డబ్బుల్లేవంటాం. పెళ్ళికి పిలిచినా అంతే, చిట్టీ వేయమన్నా అంతే. నీ అసలు సంగతి డబ్బు లేకపోవడం కాదు, లంచ్ మీద పెట్టదలుచుకోలేదు, అంతే. అది పిసినారితనం కూడా కాదు, నీ డబ్బు నీకు నచ్చిన చోట పెట్టుకోవడం. కానీ లంచ్ దగ్గర డబ్బుల్లేవన్న మనిషి కాసేపటికే టికెట్ కౌంటర్ దగ్గర పర్సు తీస్తే, తమతో కూర్చోవడం ఇష్టం లేకే అలా అందని చూసేవాళ్ళు అనుకుంటారు. ఆ అబ్బాయి మాట మొరటుగా ఉంది, ఆ చోటు గురించి అనకూడని విధంగా అన్నాడు. ఆ మొరటుతనం కింద ఉన్నది మాత్రం చిన్నబుచ్చుకోవడమే అని నాకనిపిస్తోంది. అతనితో విడిగా మాట్లాడి చూడు. లోపల ఏముందో అప్పుడు చెప్పు. ఫోన్‌లో తీసిన ఫొటోలేమైనా ఉంటే చూపించు. అప్పటికీ అదే మాటంటే, ఆ స్నేహం ఎంతవరకో నీకే తెలుస్తుంది.

సీనియర్ మీద నీకు చాలా కోపం ఉన్నట్టుంది. పద్నాలుగు చోట్ల లిస్టు నాకూ నచ్చలేదు. ప్రాగ్ కోటలోని సెయింట్ వైటస్ కథీడ్రల్‌కు 1344లో పునాది వేస్తే పని పూర్తయింది 1929లో. దాన్ని అరగంటలో ముగించేయడమంటే కష్టమే. అదే ఓల్డ్ టౌన్ స్క్వేర్‌లో గడియారం ఉన్న టౌన్ హాల్ పక్కన నేల మీద 27 తెల్లటి శిలువ గుర్తులున్నాయి. 1621లో రాజుకు ఎదురు తిరిగినందుకు అక్కడే 27 మందిని చంపారు. మీవాళ్ళు వాటి మీదుగానే నడిచి వెళ్ళి గడియారం వీడియో తీశారని రాశావు. రోజూ వేలమంది చేసేది అదే. గంట కొట్టగానే కిటికీలు తెరుచుకుని పన్నెండుమంది అపొస్తలుల (ఏసు శిష్యుల) బొమ్మలు వరసగా కనబడి వెళ్ళిపోతాయి, అస్థిపంజరం గంట లాగుతుంది, చివర్లో కోడి కూస్తుంది. అంతా కలిపి నిమిషం పట్టదు. దానికోసం అరగంట ముందు నుంచే నిలబడినవాళ్ళు ‘ఇంతేనా’ అని ముఖాలు చూసుకుంటారు. 1410 నాటి యంత్రం ఇంకా తిరుగుతోందన్న సంగతి తెలిస్తేనే ఆ నిమిషానికి విలువ.

అయినా ఆయన వైపు నుంచి ఒకసారి ఆలోచించు. తను రెండుసార్లు చూసేసిన ఊరికి మూడోసారి వచ్చింది మీ కోసం. ఐదుగురు కొత్తవాళ్ళను వెంటేసుకుని, టికెట్లు తన కార్డు మీదే కొని, జరిమానా కూడా తనే కట్టి, రాత్రి బస్సు తప్పకుండా అందరినీ చేర్చారు. తలా ఒక కోరికతో తిరుపతి బస్సెక్కిన చుట్టాలను తిప్పుకొచ్చిన పెద్దమనిషి టెన్షన్ ఎలా ఉంటుందో ఆయనదీ అంతే. ఒకరికి దర్శనం కావాలి, ఒకరికి షాపింగ్ కావాలి, అందరూ ఒకే బస్సుకు అందాలి. రీల్స్ తీసేవాళ్ళనూ తీసిపారేయకు. వాళ్ళకూ లోన్లున్నాయి, వాళ్ళ ఇళ్ళల్లోనూ పెదనాన్నలున్నారు. మంచి ఫొటో ఒకటి తీసుకుపోవడం వాళ్ళకు కావలసింది. గోడ ముందు నిలబడటం నీకు కావలసింది. ప్రాగ్ రెండూ ఇవ్వగలిగిన ఊరే. ఒకే టైమ్‌లో, ఒకే చోట, ఆరుగురికీ కలిపి మాత్రం ఇవ్వలేదు.

మొదటి రోజు పాడైపోయిందంటున్నావు. అలాంటి ఊళ్ళో మొదటి రోజు చాలామందికి ఇలాగే ఉంటుంది. రాళ్ళు పరిచిన వీధుల్లో మధ్యాహ్నానికే పాదాలు పగిలిపోతున్నట్టుంటాయి, టాయిలెట్‌కు కూడా చిల్లర వెతుక్కోవాలి, కమిషన్ లేదని బోర్డు పెట్టిన డబ్బులు మార్చే షాపులో రేటు చూసి గుండె గుభేల్మంటుంది. ప్రాగ్ ప్రాచీన మిఠాయి అని బోర్డు పెట్టి అమ్మే ట్రడెల్నిక్ కొనుక్కుని తింటారు. అది టూరిస్టుల కోసం ఈమధ్య వచ్చిన మోజే, ఆ ఊరి పాత వంటకం కాదు. నీకు ప్రాగ్ రెండు గంటల దూరంలో ఉంది, ఈ దేశంలో నువ్వు ఇంకా ఏడాదికి పైగా ఉంటావు. జూన్‌లో ఒక రోజు ఒక్కదానివే వెళ్ళు. పొద్దున ఆరింటికి చార్లెస్ బ్రిడ్జి మీద జనం ఉండరు, 30 విగ్రహాలనూ నెమ్మదిగా చూసుకోవచ్చు. బ్రిడ్జికి, లెట్నా పార్కు నుంచి ఊరు చూడటానికి, విషెహ్రాద్ కోట గోడల మీద తిరగడానికి టికెట్ లేదు. బస్సు చార్జీ, పులిహోర డబ్బా చాలు.

ఇక వియన్నా. శుక్రవారం గడువు చూసి కంగారు పడకు.

వెళ్ళాలనుకుంటే అడ్వాన్సు కట్టే ముందే గ్రూపులో ఒక మెసేజ్ పెట్టు. రెండో రోజు మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా నేను విడిగా ఉంటాను, నాకు చూడాల్సినవి ఉన్నాయి, ఫలానా టైమ్‌కు హాస్టల్ దగ్గర కలుస్తాను, ఒక పూట మీతో హోటల్లో తింటాను, మిగతా పూటలు నా తిండి నాది. ఇవన్నీ ఇప్పుడే రాస్తే ఎవరూ నొచ్చుకోరు, ఆ రోజు చెబితే నొచ్చుకుంటారు. నీ మెసేజ్ చూసి మరొకరు ‘నేనూ వస్తా’ అనే అవకాశం కూడా ఉంది. వియన్నా ఒపేరాలో నిలబడి చూసే టికెట్లు చవగ్గా దొరుకుతాయి. ఆరుగురూ రావాలని లేదు, నువ్వూ ఇంకొకరూ వెళ్ళినా అది వాళ్ళకూ చెప్పుకోవడానికి ఒక సంగతి అవుతుంది. ఇలా చెప్పినప్పుడు ‘అయితే నువ్వు రావద్దులే’ అని ఎవరైనా అంటే, ఆ మాట రెండు రాత్రుల డబ్బు పోయాక కాక ఇప్పుడే వినడం మేలు.

వెళ్ళకూడదనుకుంటే దానివల్ల ఇక్కడ నీకు ఎవరూ లేకుండా పోరు. ఈ ఆరుగురు డ్రెస్డెన్‌లో ఉన్న తెలుగువాళ్ళందరూ కాదు. కానీ కారణంగా డబ్బుల్లేవని మాత్రం చెప్పకు. మొన్నటి కథ మళ్ళీ మొదలవుతుంది. ‘ఈసారికి రావడం లేదు, జులైలో పరీక్షలయ్యాక దగ్గర్లో ఎక్కడికైనా ఒకరోజు వెళ్దాం’ అను. ఒక్క రోజు ట్రిప్పులో సర్దుకుపోవడం తేలిక, రెండు రాత్రులు ఒకే గదిలో ఆరుగురు ఉన్నప్పుడు చిన్న చికాకు కూడా పెద్దదవుతుంది. నీకు ఈ గొడవ ఇంకా పచ్చిగా ఉందనిపిస్తే మానుకోవడంలో తప్పు లేదు. నాకు మాత్రం వెళ్తేనే బాగుంటుందనిపిస్తోంది, అదీ ఆ మెసేజ్ పెట్టాకే. వెళ్తే పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు రెండూ దగ్గర పెట్టుకో. తిరిగి వచ్చేటప్పుడు జర్మనీ సరిహద్దులో బస్సు ఆపి అడగొచ్చు. వియన్నాలోనూ కాగితం టికెట్‌ను, ముందే ముద్ర పడి ఉంటే తప్ప, పంచ్ చేయాల్సిందే!

నాన్నగారి సంగతి నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది. ఆయన అడిగింది ‘డబ్బులు సరిపోతున్నాయామ్మా’ అని. నువ్వు దాన్ని దెప్పిపొడుపుగా తీసుకున్నావు. పెదనాన్న మెసేజ్ చదివిన కళ్ళతో విన్నావు కాబట్టి అలా అనిపించింది. ఎరువుల దుకాణంలో ఖాతా పుస్తకం ముందు కూర్చునే మనిషి నిజంగానే సరిపోతున్నాయా లేదా అని అడిగి ఉండొచ్చు. ఫొటోలో కూతురు సన్నబడినట్టు కనబడి ఉండొచ్చు. ఏదైనా సరే, అడిగితేనే తెలుస్తుంది.

స్టేటస్‌లు చుట్టాలకు కనపడకుండా హైడ్ చేయమని నీ స్నేహితులు సలహా ఇచ్చారట. చేసుకోవచ్చు. కానీ అందులో ఒక చిక్కుంది. ఎవరో కజిన్ ద్వారా తెలిసిందంటే ఈసారి తిరిగినందుకు కాదు, దాచినందుకు అంటారు. గ్రూపులో పెదనాన్నకు జవాబివ్వడం మరీ వద్దు. అక్కడ ఒక్క మాట పెడితే పది మాటలొస్తాయి, మధ్యలో నలిగేది మీ నాన్న. ఆయనకే ఫోన్ చెయ్. ఆ రోజు మొత్తం ఖర్చెంతయిందో, అందులో ఎంత బేకరీ జీతంలోంచి పెట్టావో అంకెలతో చెప్పు. లెక్కలు రాసే మనిషికి అంకెలే ధైర్యం. జరిమానా సంగతి కూడా దాచకు. నవ్వుతూ చెప్పగలిగితే ఇంకా మంచిది, మన ఆర్టీసీ బస్సుల్లో చెకింగ్‌కు దొరికినవాళ్ళ కథలు ఆయన దగ్గరా ఉంటాయి. లెక్కలయ్యాక ఆ పిల్లల బొమ్మల గురించి కూడా చెప్పు. పెదనాన్నకు ఏం జవాబివ్వాలో ఆయనే చూసుకుంటారు.

చివరగా, వీటన్నిటికంటే ముందు చేయవలసింది రూమ్మేట్‌తో మాట్లాడటం. నీ ఉత్తరంలో తన గురించి అటూ ఇటూ రెండు మాటలే ఉన్నాయి. తన జరిమానా కూడా నీ మీద వేస్తే తను నోరు మెదపలేదన్న బాధ ఆ రెండు మాటల్లోనే తెలుస్తోంది. తను ఒప్పుకునే ఊరుకుందో, సీనియర్‌కు ఎదురు చెప్పలేక ఊరుకుందో నీకూ తెలియదు, నాకూ తెలియదు. ఇద్దరూ ఒకే వంటగదిలో వండుకుంటారు కదా. గ్రూపులో ఒక్క అక్షరం టైప్ చేయకముందే, శుక్రవారం దాకా ఆగకుండా, ఇవాళ రాత్రి అన్నం వండుకునేటప్పుడు తననే అడుగు. ఆ తర్వాతే స్ప్లిట్‌వైజ్ తెరువు.